బుధవారం నాడు ఎర్ర గులాబీ

పెళ్ళాం తనకొక్కడికి తప్ప లోకమంతటికీ పూలు పంపుతోందని తెలిసిన రోజున బుంచూకి అన్నం సయించలేదు. రోజూ రెండు పళ్ళాలు లాగించే మనిషి ఆ పూట ఒకటిన్నరతో సరిపెట్టాడు.

సంగతేమిటంటే, థాయిలాండ్‌లోని నఖోన్ సవన్‌లో అరవై దాటినవాళ్ళంతా తెల్లవారి లేవగానే చేసే మొదటి పని ఫోన్లో పూల బొమ్మ పంపడం. ఏ రోజు రంగు ఆ రోజుది. సోమవారం పసుపు, బుధవారం ఆకుపచ్చ, ఆదివారం ఎరుపు, అలాగన్నమాట. తొడిగే చొక్కాకీ అదే లెక్క. బుంచూ భార్య లమయ్ అరవై ముగ్గురికి పంపుతుంది. అందులో చియాంగ్ మాయ్‌లో ఉండే సోంబత్ అనే చిన్ననాటి క్లాసుమేటుకు మాత్రం పువ్వు పక్కన గుండె బొమ్మ కూడా పెడుతుంది. ఆ సోంబత్‌కి పెళ్ళాం పోయి రెండేళ్ళు. ఇంక అనుమానానికి తక్కువేం?

"నాకెందుకు పంపవే పువ్వు?"

"నువ్వు బతికున్నావని నీ గురక చెబుతోందిగా."

"మరి వాడికి గుండె దేనికి?"

"ఆయనకి గుండె ఆపరేషనయింది. నీకేమైందో చెప్పు, అదీ పంపిస్తాను."

చక్కెర మిల్లులో ముప్ఫై ఏళ్ళు లారీలు తూచిన బుంచూ ఆ రాత్రే ఓ నిశ్చయానికొచ్చాడు. పెళ్ళాన్ని కూడా తూచి చూడాలి! ఫోన్లో దొంగపేరుతో ఓ ఖాతా తెరిచాడు. పేరు కెప్టెన్ థనాకోర్న్. రిటైరైన పైలట్. భార్య లేదు, కుక్క ఉంది. ఫోటో మాత్రం కట్టుడుపళ్ళు కడిగే పొడి డబ్బా మీద నవ్వే పెద్దమనిషిది.

ఇక్కడో చిక్కుంది. బుంచూ కళ్ళకి ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే బురద. ఈ సంగతి మిల్లులో దాచాడు, పెళ్ళికి ముందు దాచాడు, పెళ్ళయ్యాక చెప్పడానికి సిగ్గేసింది. లమయ్ రోజూ పొద్దున్నే ఓ చొక్కా తీసి కుర్చీ మీద వేస్తుంది. "ఈ కొంపలో చొక్కా కూడా నా ఇష్టం కాదు" అని సణుక్కుంటూనే ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తొడుక్కుంటున్నాడు.

మర్నాడు బుధవారం. కెప్టెన్ గారు ఓ గులాబీ బొమ్మ ఏరి, శుభోదయం రాసి పంపారు. బుంచూ స్నానాలగదిలో కూర్చుని ఎదురుచూశాడు. జవాబు రాకూడదని మొక్కుకున్నాడు కూడా.

నిమిషంలో వచ్చింది. "ఎంత బావుందో మీ పువ్వు! ఇలాంటిది నాకు ఎవరూ పంపలేదు."

బుంచూ తొట్టిలో నీళ్ళకేసి చూశాడు. అయిపోయింది, నా సంసారం నీళ్ళపాలు అనుకున్నాడు.

పెద్దమనిషి కాబట్టి కెప్టెన్ కుశలమడిగాడు. లేవగానే మోకాలికి నూనె రాసుకుంటానని లమయ్ చెప్పింది. "నొప్పా? ఎన్నాళ్ళుగా? డాక్టరుకి చూపించారా?" అని కెప్టెన్ ఆరా తీశాడు. దానికి పద్నాలుగు లైన్ల జవాబు! నాలుగేళ్ళుగా మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోందట. ఒకే ఇంట్లో ఉంటున్న బుంచూకి ఆ ముక్క అప్పుడే తెలిసింది. ఆ మోకాలి సంగతి పరాయివాడికి చెబుతుందా అని భోరుమన్నంత పనిచేశాడు.

వారం తిరిగేసరికి లమయ్ కూనిరాగాలు తీస్తోంది. బుంచూ చెంపలు లోపలికి పోయాయి. కెప్టెన్‌ని చంపేద్దామంటే చేతులు రావు, ఉంచుదామంటే కాపురం దక్కేలా లేదు. ఇంతలో మంగళవారం సాయంత్రం పిడుగు పడింది. "రేపు పదకొండింటికి గడియారస్తంభం పక్కన నూడుల్స్ కొట్టుకి రండి. మనసు విప్పి మాట్లాడాలి."

బుధవారం పొద్దున కుర్చీ మీద చొక్కా లేదు.

"చొక్కా ఏదే?"

"నాకు వేరే పనుంది. ఈ ఒక్కరోజుకీ నువ్వే తీసుకో. ఎక్కడికో బయల్దేరినట్టున్నావ్?"

"నేనా? చేపలు పట్టడానికి."

"గాలం మర్చిపోకు" అంది లమయ్, అద్దంలో చూసుకుని బొట్టుబొట్టుగా అత్తరు పూసుకుంటూ.

బుంచూ బీరువాలోంచి ఆకుపచ్చనిపించిన చొక్కా లాగి తొడుక్కుని కొట్టు ముందు స్తంభం చాటున నక్కాడు. పట్టుకుని నలుగురిలో నిలదీయాలి, తర్వాత గుళ్ళో చేరి గుండు కొట్టించుకుని సన్యాసం పుచ్చుకోవాలి, అదీ పథకం. లమయ్ వచ్చింది. కూర్చుంది. రెండు గిన్నెలు చెప్పింది.

"ఒకదాంట్లో కొత్తిమీర వేయకమ్మా, ఆయనకి పడదు."

వాడికీ కొత్తిమీర పడదా అని బుంచూ మండిపడ్డాడు. ఆ కెప్టెన్ తనేనని గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది.

"కెప్టెన్ గారూ, స్తంభం పడిపోదు గానీ ఇటు రండి. నూడుల్స్ చల్లారుతున్నాయి" అంది లమయ్, తల కూడా తిప్పకుండా.

బుంచూ కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కూర్చున్నాడు. "ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. బుధవారం నాడు ఎర్ర గులాబీ పంపే మగాడు ఈ దేశంలో నువ్వు కాక ఇంకెవడయ్యా? బడిపిల్లలు కూడా పంపరు. ఇప్పుడేసుకున్నది ఏ రంగనుకుంటున్నావ్?"

"ఆకుపచ్చ."

"ఆదివారం చొక్కా."

నూడుల్స్ వడ్డించే ఆవిడ మొహం అటు తిప్పుకుంది.

"అంటే... నా కళ్ళ సంగతి నీకు తెలుసా?"

"పెళ్ళయిన వారానికే తెలుసు. ఓ బుధవారం ఎర్రచొక్కాతో మిల్లుకెళ్ళావ్. అందరూ నవ్వారో ఏమో, వచ్చి మొహం గోడకేసి పడుకున్నావ్. మర్నాటి నుంచీ కుర్చీ మీద పెడుతున్నాను."

"మరి ఇన్నేళ్ళూ అనలేదేం?"

"నువ్వు దాచుకోవాలనుకున్నావ్. దాచుకోనిచ్చాను."

బుంచూ తన చొక్కాకేసి చూసుకున్నాడు. పెత్తనమని తిట్టుకున్న పదకొండువేల చొక్కాలూ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డట్టయింది. అయినా మగబుద్ధి ఊరుకోదుగా. "ఆ సోంబత్..." అన్నాడు నసుగుతూ.

"ఒంటరి మనిషి. ఎనిమిదిలోగా ఆయన పువ్వు రాకపోతే మాలో ఎవరో ఒకరు ఆయన పొరుగింటికి ఫోన్ చేయాలి. అందుకయ్యా ఆ పూలు."

"నన్ను వారం రోజులు ఏడిపించావే!"

"నిన్నేం ఏడిపించాను? కెప్టెన్‌తో మాట్లాడుకున్నాను." లమయ్ చెంచా పక్కన పెట్టింది. "మోకాలు నొప్పా అని అడిగాడాయన. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నువ్వు అడగలేదు. నిజం చెప్పనా? నాకు ఆ మనిషి నచ్చాడు."

బుంచూ కొత్తిమీర లేని నూడుల్స్‌లోకి తల వంచుకున్నాడు.

"రేపట్నుంచి ఆ ఖాతా మూసేస్తాను" అన్నాడు చివరికి.

"మూస్తే ఊరుకోను."

గురువారం తెల్లవారింది. కుర్చీ మీద చొక్కా ఉంది. బుంచూ ఫోన్ పట్టుకుని పూల బొమ్మలన్నీ తిరగేశాడు, కళ్ళు చిట్లించాడు, వెలుతురుకి పెట్టి చూశాడు. ఆఖరికి ఓడిపోయి వంటింటివైపు తిరిగి, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అడగని ప్రశ్న అడిగాడు.

"ఏమే, ఇది ఏం రంగే?"

"నారింజ. ఇవాళ్టికి అదే, కెప్టెన్‌ని పంపించమను" అంది లమయ్ పొయ్యి దగ్గర్నుంచి. "మోకాలి సంగతి కూడా అడగమను."