ఫ్యాను వైపు చూడని పాప

మంగళవారం ఉదయం పదిన్నరకు తాండూరులోని ప్రత్యేక అవసరాల పిల్లల థెరపీ కేంద్రంలో ఆరేళ్ల పూజిత తల్లి ఒడిలో కూర్చుని ఉంది. అదే సమయానికి పాప రాలేదని హాజరు తీసే ఫోన్ ప్రకటించింది.

రెండింటిలో ఏది నిజమన్న ప్రశ్న తలెత్తలేదు. మనిషి పొరబడవచ్చు గానీ యాప్ పొరబడదని వికారాబాద్‌లోని ముఖ హాజరు విభాగం అప్పటికే ఉత్తర్వు ఇచ్చింది. (ఉత్తర్వు యాప్‌లోనే వచ్చింది.)

హాజరు పడాలంటే పిల్లలు కెమెరాలోకి సూటిగా చూడాలి. చూస్తూ కళ్లు ఆర్పాలి. ఆర్పి, కొద్దిగా నవ్వాలి. ఎదుటివారి ముఖంలోకి చూడని పిల్లలు చూడటం నేర్చుకునేందుకు వచ్చే చోటు అది. చూడటం ముందే వచ్చి ఉంటే నేర్పడానికి విభాగానికి అభ్యంతరం లేదు. వరుసగా మూడుసార్లు హాజరు పడకపోతే సీటు తర్వాతి పిల్లలకు పోతుంది. పూజిత తర్వాత మోమిన్‌పేట్ బాబు ఒకడు ఎదురుచూస్తున్నాడు.

పూజిత తల్లి భాగమ్మది బొంరాస్‌పేట దగ్గరి పల్లె. భర్త బీరన్న గొర్రెలు కాస్తాడు. ఆమె వారానికి రెండుసార్లు పాపను చంకనేసుకుని కొడంగల్‌లో బస్సు మారి వస్తుంది. ఈ సీటు పోతే హైదరాబాద్ పోవాలి. అంత దూరం వారానికి రెండుసార్లు పోవడం ఆమె వల్ల కాదు.

ఆ మంగళవారం సెషన్‌లో సగానికి పైగా ఫోన్ ముందే గడిచింది. థెరపిస్టు వైశాలి చప్పట్లు కొట్టింది, గిలక్కాయ ఊపింది, చివరికి తానే కళ్లు ఆర్పి నవ్వి చూపింది. యాప్ వైశాలికి హాజరు వేసింది. (ఆమె హాజరు పొద్దున్నే పడింది. ఒకే రోజు రెండుసార్లు హాజరైనందుకు సంజాయిషీ అడిగారు.)

భాగమ్మ అంతసేపూ చూసి ఒక్క మాట అంది.

"మా గొర్లకు చెవుకు బిళ్ల ఏసిపోయిండ్రు మేడం. గవ్విటినైతే నవ్వుమనలె."

పూజిత ఆ గదిలో ఒకే వస్తువును చూసేది. తిరిగే ఫ్యాను. ఆమె చూపును ఫ్యాను మీది నుంచి మనుషుల మీదికి తేవాలన్నది వైశాలి పెట్టుకున్న మొదటి లక్ష్యం. శుక్రవారం ఆమె ఆ లక్ష్యాన్ని పక్కన పెట్టి ఫోన్‌ను బూజుకర్రకు కట్టి ఫ్యాను కిందికి ఎత్తింది. పూజిత చూసింది. కళ్లు ఆర్పింది. నవ్వింది కూడా. పచ్చ టిక్కు పడింది.

మరి కొందరు పిల్లలకూ కర్ర పనిచేసింది. తాండూరు హాజరు జిల్లాలో మొదటి స్థానానికి చేరింది. కారణం తెలుసుకోవడానికి విభాగాధికారి సోమేశ్వర్ స్వయంగా వచ్చాడు. కర్రను చూశాడు, ఫ్యానును చూశాడు, రెండింటికీ ఫొటోలు తీసుకుని వెళ్లాడు. తర్వాతి వారం 'పంకా విధానం' జిల్లా అంతటా అమల్లోకి వచ్చింది. బూజుకర్రకు హాజరు దండం అని పేరు పెట్టారు. ఫ్యాను ఎత్తుకు తక్కువలో తీసిన హాజరు చెల్లకుండా యాప్‌ను మార్చారు. కరెంటు లేని రోజున ఫ్యాను తిరగలేదని లైన్‌మన్ ధ్రువీకరించాలి.

పరిగి కేంద్రంలో ఒక లోపం బయటపడింది. అక్కడి పిల్లలు కొందరు ఫ్యానును చూడకుండా థెరపిస్టు ముఖం చూస్తున్నారు. వారికి ప్రత్యేక శిక్షణ ఇచ్చి ముఖం మీది నుంచి చూపును ఫ్యాను మీదికి తెచ్చారు. ఈ ఫలితాన్ని వార్షిక నివేదికలో పురోగతి కింద చూపారు.

తాండూరులో వైశాలి మాత్రం టిక్కు పడగానే ఫ్యాను ఆపేసేది. మిగిలిన సమయం భాగమ్మది. బీరన్న ఒక గొర్రె మెడలోని గంట విప్పి ఇచ్చాడు. భాగమ్మ దాన్ని తన గడ్డం దగ్గర పట్టుకుని ఆడించేది. కొన్ని వారాలు పూజిత గంటను విన్నది. తర్వాత గంటను చూసింది.

వానాకాలం మొదట్లో ఒక మంగళవారం ఫ్యాను తిరుగుతోంది, దండం పైకి లేచి ఉంది, గంట సంచిలో ఉంది. పూజిత తల్లి ముఖంలోకి చూసింది. భాగమ్మ కదల్లేదు.

"మేడం, నా దిక్కు సూస్తున్నది," అంది, గొంతు తగ్గించి.

ముఖం దొరకలేదని ఫోన్ చెప్పింది.

శుక్రవారమూ అంతే. వైశాలి సోమేశ్వర్‌కు ఫోన్ చేసి, పాప తల్లినే చూస్తోంది కాబట్టి ఫోన్‌ను తల్లి ముఖం పక్కన పట్టుకోవచ్చా అని అడిగింది. ఆయన నిబంధన చూసి తల్లి ఎత్తు చాలదన్నాడు. తల్లిని బయట కూర్చోబెడదామంటే, తల్లి లోపలే ఉండాలని ఆయనే ఇచ్చిన ఉత్తర్వు ఒకటి ఉంది. చివరికి, తల్లి తన ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంటే సరిపోతుందని సూచించాడు. పాపకు చూడటానికి ఫ్యాను తప్ప ఏమీ మిగలదు.

మూడోసారి, మంగళవారం, వైశాలి ఆ మాటను గోడ వైపు చూస్తూ చెప్పింది.

"భాగమ్మా, జర కొంగు అడ్డం పెట్టుకుంటవా? రెండు నిమిషాలే. లేకుంటే సీటు పోతది."

భాగమ్మ కొంగు చేతిలోకి తీసుకుంది. పూజిత చూస్తూనే ఉంది. భాగమ్మ కొంగు వదిలేసింది.

"ఆరేండ్లకు సూసింది మేడం. నేనిప్పుడు మొఖం దాసుకుంటే, సూసుడు తప్పనుకుంటది."

తర్వాత దండం వైపు చెయ్యి చూపింది.

"గా కట్టె దించున్రి. చెయ్యి నొస్తది మీకు."

వైశాలి దించింది. సెషన్ పూర్తి సమయం జరిగింది.

మధ్యాహ్నం సీటు మోమిన్‌పేట్ బాబుకు వెళ్లింది. (అతనికి ఫ్యాను శబ్దమంటే భయమని తల్లి దరఖాస్తులో రాసింది.) భాగమ్మ, పూజిత కొడంగల్ బస్సు ఎక్కారు. కిటికీ పక్కన కూర్చోబెట్టినా పాప తల్లి మీది నుంచి చూపు తిప్పి బయటికి చూడలేదని కండక్టర్ చెప్పాడు.

సాయంత్రం పూజిత ఫైలు మూసేశారు. కారణం అన్న చోట 'చికిత్సకు స్పందన లేదు' అని ఉంది.