అట్టపెట్టెల కంపెనీలో వావివరసలు

సోమవారం ఉదయం డిజైనర్ అనుకున్న పని ఒక్కటే, రెండు సెలవు చీటీల మీద మేనేజర్ చేత సంతకం పెట్టించుకోవడం. ఒకటి తనది, రెండోది కటింగ్ మిషన్ ఆపరేటర్‌ది. శుక్రవారం వాళ్లిద్దరికీ పెళ్లి. ఐదు నిమిషాల్లో తేలాల్సిన పని. కానీ అట్టపెట్టెలు చేసే ఆ కంపెనీలోకి సరిగ్గా ఆ పూటే సంస్కృతి వచ్చిపడింది.

తెచ్చినవాడు ఒక సలహాదారు. సంస్థల సంస్కృతులు నాలుగు రకాలని బోర్డు మీద గీసి చూపించాడు: కుటుంబంలా మెలిగేవి, పోటీతో నడిచేవి, నిబంధనలతో నడిచేవి, కొత్త ప్రయోగాలతో నడిచేవి. మీది ఏదో ముందు గమనించండి అని కూడా చెప్పాడు పాపం. తప్పు జరిగితే ఇక్కడ ఎవరు ఎవరి మీదికి తోస్తారో ఒక్కరోజు చూస్తే తెలిసిపోయేది. డైరెక్టరు గారికి అంత ఓపిక ఎక్కడిది? కర్టెన్ గుడ్డ ఎంచుకున్నట్టు కుటుంబాన్ని ఎంచుకున్నారు. పదకొండుకల్లా ఉత్తర్వు వచ్చింది. ఇకపై సార్, మేడమ్ అనకూడదు, అందరూ వరసలు పెట్టి పిలుచుకోవాలి.

తనకంటే రెండేళ్లు పెద్దవాడు "పిన్నీ" అనేసరికి రిసెప్షనిస్టు మోగుతున్న ఫోను వదిలేసి లేచింది. యాభై నిండని స్టోర్‌కీపర్‌ని అందరూ కలిసి తాతయ్యను చేశారు. తగవు తీర్చడానికి మేనేజర్ గోడంత వంశవృక్షం గీయించి, తనను డైరెక్టరు గారికి తమ్ముడిగా, ఆడా మగా కుర్రకారునంతా ఆయన సంతానంగా రాసేశాడు. మధ్యాహ్నం సెలవు చీటీలు చూసి నుదురు రుద్దుకున్నాడు.

"ఇదెలా కుదురుతుందమ్మా? చార్టులో మీరిద్దరూ అన్నాచెల్లెళ్లు."

"చార్టు గీసింది మీరు సార్. పెళ్లి చేసుకునేది మేము."

"సార్ కాదు, బాబాయ్ అనాలి. వావివరసలు లేని కంపెనీ అని నలుగురూ అనుకోవాలా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్ల కిందట మనసిచ్చిన మనిషిని పొద్దున గీసిన గీత అన్నను చేసేసింది, దానికి సిగ్గుపడాల్సింది తనేనట. ఆపరేటర్ మిషన్ ఆపి వచ్చాడు. "నన్ను మేనత్త కొడుకుని చేసెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు.

మేనత్త కొడుకు కావాలంటే మేనత్త ఉండాలి. వయసులో పెద్దది కాబట్టి ప్యాకింగ్ సూపర్‌వైజరమ్మను డైరెక్టరు గారికి అక్కగా రాశారు. ఆవిడ చార్టు ఒకటికి రెండుసార్లు చదువుకుని, తిన్నగా ఆయన గదిలోకి నడిచింది. లోపల పెట్టెలు కొనడానికి వచ్చిన ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"ఏరా తమ్ముడూ, ప్యాకింగ్ గదిలో ఫ్యాను తిరగక ఆర్నెల్లయింది. అర్జీలు ఎన్ని పెట్టాను, ఒక్కటైనా చదివావా?"

నాలుగింటికల్లా చార్టు గోడ మీద లేదు. సంస్థ ఇకపై నిబంధనలతో నడుస్తుందనీ, ఆఫీసు కాగితాల్లో కుటుంబం అన్న మాట వాడరాదనీ రెండో ఉత్తర్వు వచ్చింది. అన్నాచెల్లెళ్ల బెడద వదిలింది కదా అని డిజైనర్ చీటీలు మళ్లీ రాసింది. మళ్లీ తగవెందుకని ఈసారి పెళ్లి ఊసెత్తకుండా, కారణం దగ్గర అలవాటుగా 'కుటుంబ కార్యం' అని పెట్టింది. నిబంధనకు విరుద్ధమంటూ రెండూ వెనక్కి వచ్చాయి.

శుక్రవారం సెలవు లేకుండానే పెళ్లి చేసుకున్నారు. మరుసటి సోమవారం చెరొక మెమో అందింది: గైర్హాజరుకు కుటుంబేతరమైన కారణం తెలుపగలరు.