గుండెకూ ఓ వరస

"ఇకమీదట మన ఇంట్ల ఎవ్వలు గుండె ఆగి సచ్చుటానికి వీల్లేదు" అని మా పెద్దబాపు సదయ్య ఆదివారం పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని ప్రకటించాడు.

ఈ సంగతి గుండెలకు ఎవరు తెలియజేయాలో ఆయన చెప్పలేదు. బొగ్గుగనిలో పని చేయించే ఓవర్‌మన్ కదా, తాను ఆర్డరు వేస్తే కింద ఎవరో ఒకరు అమలు చేస్తారని ఆయన నమ్మకం.

ఇదంతా భద్రతా వారోత్సవాల పుణ్యం. దవాఖాన సిస్టర్ రమ గోదావరిఖనిలో మా కాలనీకి వచ్చి మగవాళ్ళకు సీపీఆర్, అంటే ఆగిన గుండెను రొమ్ము నొక్కి మళ్ళీ ఆడించడం, నేర్పింది. బాగా నేర్చుకున్న ఇంటికి 'సురక్షిత కుటుంబం' అని బోర్డు ఇస్తారట. పెద్దబాపు అప్పుడే గుమ్మం మీద మేకు కొట్టేశాడు.

మా ఇంట్లో నాకొక ఉద్యోగముంది. పెద్దబాపు మా బాపుకు అన్న, అంటే మా అమ్మ జమునకు బావ అవుతాడు. మరదలు బావ ఎదుట నిలబడదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. కాబట్టి ముందు గదికీ వంటింటికీ మధ్య కబుర్లు మోసేది నేనే. ఊళ్ళో పదో తరగతి దాకా చదివి, బడిలో హాజరు పలకడానికి కూడా సిగ్గుపడ్డ నన్ను ఏరికోరి ఈ మాట్లాడే పనిలో పెట్టారు.

పెద్దబాపు చాప మీద దిండు వేసి శిక్షణ మొదలుపెట్టాడు.

"అన్నకు తమ్ముడు నొక్కచ్చు. తమ్మునికి అన్న నొక్కచ్చు. ఆడోళ్ళు 108కు ఫోన్ చెయ్యాలె, ఏడువాలె. గంతే."

వెల్లుల్లి ఒలుస్తున్న పెద్దమ్మ పూలమ్మ తల ఎత్తలేదు. "రెండు పనులు ఒక్కపారే ఎందుకయ్యా? ఏడుసుకుంట చెప్తే అడ్రసు వాళ్ళకెట్ల సమజైతది?"

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది. "దీపా, నాకు గూడ నేర్పుమని అడుగు. మీ బాపు డ్యూటీ దిగి వచ్చేటాల్లకు బావ గనిల ఉంటడు, అక్క పొలంకాడ ఉంటది, నువ్వు కాలేజీల ఉంటవు. ఇంట్ల ఉండేది నేనొక్కదాన్నే."

మా బాపు ఉపేందర్‌కు పోయిన వానాకాలం గుండెకు స్టెంట్ వేశారు. గని లోపలి పని మాన్పించి పైపని ఇచ్చారు. అప్పటినుంచి ఆయన కునుకు తీస్తే చాలు, అమ్మ వంట వదిలేసి వచ్చి ఊపిరి ఆడుతోందో లేదో చూసి వెళ్తుంది.

"గీ దిండు మగోని రొమ్మనుకో" అన్నాడు పెద్దబాపు నాతో. "నలుగురు చూస్తుండంగ దాని మీద ఆడది చెయ్యేస్తే ఇజ్జత్ ఉంటదా?"

ఆ దిండు మీద రోజూ పెద్దమ్మే తల పెట్టుకుని పడుకుంటుందని చెప్పబోయి, అలవాటు కొద్దీ ఊరుకున్నాను. అయినా నోట్లోంచి ఒక మాట జారింది. "మరి ఆడోళ్ళకు ఆగితే?"

"ఆడోళ్ళకేం టెన్షన్ ఉంటది, ఆగుటానికి?"

"నీతోని లగ్గమైననాడే నాది ఆగింది" అంది పెద్దమ్మ. "అలవాటు మీద తిరుగుతున్న."

బోర్డు ఎవరికివ్వాలో తేల్చడానికి రమ సిస్టర్ ఇంటింటికీ వచ్చింది. పెద్దబాపు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని చనిపోయాడు. సిస్టర్ తీసే అన్ని ఫొటోల్లోనూ రోగి పడతాడని ఆ పాత్ర తానే తీసుకున్నాడు. బాపు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మనిషి మీద ఉత్తగ నొక్కద్దు, చేతులెక్కడ పెట్టాల్నో చూపిస్తే చాలు" అని సిస్టర్ బాపును పరికించి చూసింది. "నీకే కదన్నా స్టెంట్ ఏసింది? నువ్వు నొక్కుడు సరే, నీకెవరు నొక్కాలె? ఇంట్ల నీ దగ్గర ఎక్కువ ఎవరుంటరు?"

బాపు నేల చూశాడు. పెద్దమ్మ నన్ను చూసింది.

"మా అమ్మ" అన్నాను. నా సొంత మాట అంత గట్టిగా రావడం నాకే ఆశ్చర్యం.

"అయితే అమ్మనే రమ్మను."

శవం కాలి బొటనవేలు కదిలింది. వద్దనాలంటే నోరు తెరవాలి, నోరు తెరిస్తే బతికినట్టు. పెద్దబాపు కష్టం పగవాడికి కూడా రాకూడదు.

అమ్మ కొంగు తల మీదికి లాక్కుని వచ్చి కూర్చుంది.

"ముందుగాల భుజం తట్టి పిలువాలె" అంది సిస్టర్.

అమ్మ చెయ్యి చాపింది, గాలిలోనే ఆగింది. నావైపు తిరిగి, "దీపా, మీ పెద్దబాపుకు తెలివి ఉందో లేదో అడుగు" అంది.

ఉద్యోగధర్మం కదా, అడిగాను. "పెద్దబాపూ, తెలివి ఉందా?"

"ఉంది" అని ఆయన లేచి కూర్చున్నాడు. "మీ అమ్మను లోపలికి పొమ్మను."

"నువ్వు సచ్చిపోయినవు గదా, పండుకో" అంది సిస్టర్.

"నేను సస్తే సచ్చిన సిస్టర్, ఇజ్జత్ ఇంకా బతికే ఉంది."

సిస్టర్ వాదించలేదు. ఆయన్ని పక్కకు జరగమని, ఆ చోట దిండు పెట్టించింది. అమ్మ లోపలికి వెళ్ళలేదు. తప్పు నొక్కింది, మోచేతులు వంచింది, సిస్టర్ సరిచేస్తే మళ్ళీ నొక్కింది. కొంగు జారిపోతే ఎత్తుకోలేదు. చేతులు సరిగ్గా కుదిరే దాకా లేవలేదు.

"ఇగ నువ్వు కునుకు తీయచ్చన్నా" అంది సిస్టర్ బాపుతో.

"మరి మా బోర్డో?" అన్నాడు పెద్దబాపు.

"ఇప్పటికైతే మీ ఇంట్ల ఆ దిండు ఒక్కటే సురక్షితం" అని ఆమె పక్కింటికి వెళ్ళిపోయింది.

మర్నాడు చాయ్ వేళకు పెద్దబాపు ముందు గదిలో కూర్చోలేదు. కుర్చీ తెచ్చి వంటింటి గుమ్మం పక్కనే వేసుకున్నాడు. చాయ్ సగం తాగి, గొంతు సవరించుకున్నాడు.

"దీపా, మీ అమ్మనొక మాట అడుగు. ఆమె నేర్చుకున్నది మీ బాపుకొక్కనికేనా, బావలకు గూడ పనికొస్తదా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"పనికొస్తదని చెప్పు" అంది అమ్మ. "కండ్లు తెరువకుంట పండుకుంటేనే."