ఊకలో రెండు డబ్బాలు

"ఒకన్ని పట్టుకునే లోపల ఇంకొకడు జారి పడితే?" అంది దేవకుమారి.

"నీకు చేతులు రెండు, పిల్లోళ్ళు ఇద్దరు. సరిపాయె కదా," అన్నాడు జోసఫ్, క్యారియర్‌కు మూత పెడుతూ.

"మరి బుట్ట ఎవురు పట్టుకుంటారు? టిక్కెట్టెవురు తీస్తారు? కొంగు జారితే ఎవురు సర్దుతారు?"

కలమల్ల థర్మల్ ప్లాంటులో ఆమె మొగుడు జోసఫ్‌కు ఉదయం షిఫ్టు. ఎప్పుడూ తోడు వచ్చే అత్త లక్ష్మమ్మ మెట్టు దిగుతూ కాలు మడతపడి మంచం ఎక్కింది. కవలలు మోషే, అహరోనులకు ఆ బుధవారమే ప్రొద్దుటూరులో టీకా. ఐదు నెలలుగా దేవకుమారి ఇద్దరినీ తీసుకుని ఒంటరిగా గడప దాటలేదు. "ఒక్కతే పోను చేతకాదులే, ఇంకో వారం చూద్దాం," అని అత్త మంచం మీద నుంచి అనకపోయి ఉంటే ఆ రోజు కూడా దాటేది కాదు.

"దోవలో పోలీసోళ్ళు బస్సు ఆపుతాండారు," అన్నాడు జోసఫ్ సైకిలెక్కుతూ. "ఏమడిగినా నాకు తెల్దు సార్ అను. ఇది నాది, అది నాది అనాకు. తెల్దనే మాటతోనే శానా మంది బాగుపడినారు."

దేవకుమారి ప్రయాణానికి పకడ్బందీగా సిద్ధమైంది. తన పాలు ఇద్దరికీ చాలవు కాబట్టి ఆవుపాలు కాచి రెండు గుండ్రటి డబ్బాల్లో పోసింది. బస్సు కుదుపులకు మూతలు ఊడతాయేమోనని పురికొస తెచ్చి, డబ్బా కనబడనంతగా చుట్టి బిగించింది. పాలు చల్లారుతాయేమోనని వెదురుబుట్టలో ఊక పోసి, ఆ ఊకలో డబ్బాలను పూడ్చింది. ఒకదానికొకటి తగులుతాయేమోనని మధ్యలో పాతగుడ్డ కుక్కింది. అప్పటికి ఆమె మనసు కొంత కుదుటపడింది.

ఆ సంవత్సరాల్లో ఆ ప్రాంతంలో పురికొస చుట్టిన గుండ్రటి వస్తువును ఊకలో పెట్టి మోసేవాళ్ళు వేరే ఉండేవారు. వాళ్ళు మోసేవి పాలు కావు, నాటుబాంబులు. ఈ సంగతి దేవకుమారికి కూడా తెలుసు. కాని ఆమె భయపడవలసినవి ఆ ఉదయం చాలా ఉండడంతో ఇది వరుసలోకి రాలేదు.

బస్సులో ముందు సీట్లు పై వీధి పార్టీవి, వెనక సీట్లు కింద వీధి పార్టీవి. టిక్కెట్టు మీద రాసి ఉండదు గాని ఊళ్ళో అందరికీ తెలుసు. దేవకుమారి వాళ్ళ పేట జనం మధ్యలో కడ్డీ పట్టుకుని, ఏ వైపూ వాలకుండా నిలబడతారు. చంకకొక బిడ్డతో కడ్డీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. డ్రైవరు పక్కన బుట్ట పెడుతున్న కండక్టరుతో, "నెమ్మదప్పా, కుదపాకు," అని మాత్రం అనగలిగింది.

పై వీధి వాళ్ళ ఆఖరి సీట్లో వసంతమ్మ ఉంది. "ఒకన్ని ఇట్ల ఇయ్యి మే, పడేస్తావ్," అని చేతులు చాపింది. దేవకుమారి మోషేను ఇచ్చింది. ఇచ్చి వెనక్కి తిరిగింది. వెనక సీట్లో, కింద వీధి వాళ్ళ మొదటి వరుసలో, సరోజమ్మ చూస్తోంది. పై వీధికి బిడ్డనిచ్చి కింద వీధికి ఇవ్వకపోతే రేపు ఊళ్ళో ఏమనుకుంటారు? గబగబా అహరోనును సరోజమ్మ ఒళ్ళో పెట్టేసింది.

"వాడు పెద్దోడా, వీడు పెద్దోడా?" అని అడిగింది సరోజమ్మ.

"ఆయమ్మ కాడ ఉండేటోడు ఏడు నిమిషాలు పెద్దోడమ్మా."

"ఊఁ. మాకేమో చిన్నోన్ని ఇస్తివి."

వసంతమ్మ వెనక్కి తిరగకుండానే మోషేను ఇంకాస్త నిటారుగా కూర్చోబెట్టుకుంది.

వసంతమ్మ, సరోజమ్మ ఇద్దరూ సింహాద్రిపురంలో ఒకే తల్లికి పుట్టిన అక్కాచెల్లెళ్ళు. ఒకే ఊరికి కోడళ్ళుగా వచ్చారు. తొమ్మిదేళ్ళ కిందట తల్లి దినాలు ముగిసిన సాయంత్రం, "అమ్మ ఇత్తడి చెంబు యాడుంది మే?" అని అక్క వసంతమ్మ అడిగింది. సరోజమ్మ అలిగి జవాబు చెప్పలేదు. మర్నాటికి ఊరు రెండు పార్టీలైంది, వాళ్ళ మొగుళ్ళు చెరొక వైపు తేలారు. ఇక చెప్పే వీలు లేకపోయింది.

ఎర్రగుంట్ల ఇంకా కొంత దూరం ఉండగా పోలీసులు బస్సు ఆపారు. హెడ్ కానిస్టేబుల్ ఆదినారాయణ ఎక్కి, సంచులన్నీ తడుముకుంటూ వచ్చి, డ్రైవరు పక్కన ఆగాడు.

"ఈ బుట్ట ఎవురిది?"

దేవకుమారి నోరు తెరిచింది. జోసఫ్ మాట గుర్తొచ్చి మూసింది. కండక్టరు కిటికీలోంచి ఆకాశం చూశాడు. ఆదినారాయణ ఊకలో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత పాము పడగ మీది నుంచి తీసినట్టు, వేలు వేలుగా, బయటికి వచ్చింది.

"అందరూ దిగండి," అన్నాడు చాలా మర్యాదగా. "నెమ్మదిగా దిగండి."

నెమ్మదిగా ఎవరూ దిగలేదు. ముందు సీట్లు ఎడమవైపు శనగచేలోకి, వెనక సీట్లు కుడివైపు కంపచెట్లలోకి పరుగెత్తాయి. "మీ వాళ్ళ పనే," అని ఎడమ పక్క నుంచి, "మీదేలే," అని కుడి పక్క నుంచి కేకలు వినబడ్డాయి. డ్రైవరు ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. ఒక కానిస్టేబుల్ బుట్టను చేతులు చాచి పట్టుకుని, తల పక్కకు తిప్పుకుని, తెచ్చి రోడ్డు మధ్యలో దించాడు. ఇంకొకతను బకెట్టు నీళ్ళతో వచ్చాడు.

ఆ నీళ్ళు చూసేసరికి దేవకుమారికి జోసఫ్ చెప్పిందంతా మరుపొచ్చింది.

"పోయాకు సార్. అవి పాలు."

"ఎవురి పాలు?"

"మా పిల్లోళ్ళవి సార్."

"పిల్లోళ్ళేరీ?"

దేవకుమారి తన చేతులు చూసుకుంది. రెండూ ఖాళీగా ఉన్నాయి.

ఉదయం నుంచి ఆమె భయపడిన వాటిలో ఒక్కడు జారిపోవడం ఉంది గాని ఇద్దరూ పోవడం లేదు. శనగచేను వైపు రెండడుగులు వేసి, కంపచెట్ల వైపు తిరిగి, మళ్ళీ రోడ్డు మీదికే వచ్చింది. ఎటు ముందు పోయినా రెండోవాడు ఇంకా దూరమవుతాడు. "వసంతమ్మా," అని పిలిచింది. "సరోజమ్మా," అని పిలిచింది. చేలో, కంపచెట్లలో తలలు లేచాయి. "వాళ్ళను ముందు బయటికి రమ్మనండి, మేమూ వస్తాం," అన్నారు రెండు వైపుల వాళ్ళూ. ఆ తలల్లో వసంతమ్మ లేదు, సరోజమ్మా లేదు.

అప్పుడు కాళ్ళ కింద నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. మోషే గొంతు.

దేవకుమారి గట్టు మీద నుంచి జారుతూ దిగి, రోడ్డు కిందికి వంగి చూసింది. వంకనీళ్ళు పోవడానికి వేసిన పెద్ద తూములో ఒక కొస నుంచి వసంతమ్మ, ఇంకో కొస నుంచి సరోజమ్మ దూరి, సరిగ్గా మధ్యలో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మోకాళ్ళు తగులుతున్నాయి. ఇద్దరూ తూము గోడనే చూస్తున్నారు. ఒళ్ళో బిడ్డలు భద్రంగా ఉన్నారు.

దేవకుమారి ముందు వసంతమ్మ ఒళ్ళో బిడ్డను తడిమింది. మోషేకు ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉంటుంది. వీడికి లేదు.

"వీడు చిన్నోడు కదమ్మా. మీ కాడికి ఎట్ల వచ్చినాడు?"

"పెద్దోడు నా కాడ ఊరుకోల్యా," అంది వసంతమ్మ, గోడతోనే. "కొందరి చేతిలో పిల్లోళ్ళు నిద్రపోతారు. చిన్నప్పటి నుంచీ అంతే."

సరోజమ్మ మోషేను భుజానికెత్తుకుని వీపు నిమిరింది.

రోడ్డు మీద డబ్బాల ముడులు విప్పడం ఎవరి వల్లా కాలేదు. ఆదినారాయణ ఊక పారబోసి, కత్తితో పురికొస కోసి, మూత తీసి, వాసన చూశాడు.

"ఇంత బిగించినావేందమ్మా?"

"ఒలుకుతాయని భయం సార్."

ఆయన కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "రాసుకో. పాలు. రెండు డబ్బాలు."

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో టీకా గదికి ఇద్దరు అక్కాచెల్లెళ్ళూ వచ్చారు. దేవకుమారి వద్దనలేదు. వాళ్ళకు వేరే పనులున్నాయి గాని ఒకరు వదిలితే ఒకరు గెలిచినట్టవుతుందని బిడ్డలను వదల్లేదు. సూది గుచ్చినప్పుడు పిల్లల కంటే ముందు వసంతమ్మ కళ్ళు మూసుకుంది.

తిరుగు బస్సులో ముందు సీటా, వెనక సీటా అన్నది పెద్ద సమస్యే అయింది. దేవకుమారి వాలకుండా నిలబడే మధ్యలో ముగ్గురు పట్టే సీటొకటి ఉంది. అక్కాచెల్లెళ్ళు అందులో కూర్చున్నారు, ఆమెను నడుమ పెట్టుకుని. పిల్లలిద్దరూ చెరొక ఒళ్ళో నిద్రపోయారు. ఐదు నెలల్లో మొదటిసారి దేవకుమారి చేతులకు పని లేకుండా పోయింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఖాళీ బుట్టను గట్టిగా పట్టుకుంది.

పెన్న దాటాక వసంతమ్మ కిటికీలోంచి చూస్తూ, "అమ్మ ఇత్తడి చెంబు యాడుందో," అంది.

బస్సు ఎర్రగుంట్లలో ఆగి, కదిలింది. పొద్దున ఊక పారబోసిన చోటు దాటింది. తూము దాటింది. దేవకుమారి పాలు పోసిన డబ్బాను చూసినట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఊరి మలుపు దగ్గర సరోజమ్మ బిడ్డను భుజం మార్చుకుంది.

"నా కాడే ఉండాది," అంది. "సొట్ట పడింది."