పద్ధెనిమిదో నంబరు చొక్కా

ఆదివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన నాలుగున్నరకు ఆగింది. గాలి లేదు, ఆకాశంలో పలచని మబ్బు, లాండ్రీ కిటికీ అద్దాల మీద చెమ్మ. ఇస్త్రీ మేస్త్రి ఒక్కడే బల్ల ముందు నిలబడి, తన ఫుట్‌బాల్ చొక్కా వీపు మీది ఆరు అంకెను వేడి ఇస్త్రీపెట్టెతో ఊడదీసి, తలకిందులు చేసి, మళ్ళీ అతికించాడు. ఆరు తొమ్మిదయింది.

దీనికి మూలం అతని అత్తగారు. "మా అల్లుడు బట్టలు నలగకుండా చూస్తాడు" అన్నది తప్ప పదేళ్ళుగా ఆవిడ అతని గురించి ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. పోయిన నెల భోజనాల దగ్గర ఉక్రోషం పట్టలేక, లాండ్రీ జట్టులో గోల్స్ కొట్టే తొమ్మిదో నంబరు తానేనని అతను అనేశాడు. ఆవిడ ఆ మాట వీధంతా చాటింది. ఇవాళ పదిన్నర ఆటకు గొడుగు పట్టుకుని స్వయంగా వస్తోంది.

అసలు తొమ్మిదో నంబరు వ్యాను డ్రైవరుది. తాను మడత పెట్టిన చొక్కాలను డ్రైవరు మూటల్లా కుక్కుతాడని మేస్త్రి బాధ. మేస్త్రి మడత పెట్టేసరికి తెల్లారుతుందని డ్రైవరు బాధ. ఈ కచ్చ మైదానం దాకా పాకి, ఏడాదిగా ఒకరికొకరు ఒక్క పాసూ ఇచ్చుకోలేదు.

రెండు తొమ్మిదులుంటే ఎవరు చూడొచ్చారనుకున్నాడు మేస్త్రి. అక్కడే లెక్క తప్పింది. జట్టుకు కోచ్ కూడా అయిన లాండ్రీ యజమానురాలు ముప్పై ఏళ్ళుగా బట్టలను చీటీ నంబరుతో తప్ప గుర్తుపట్టి ఎరగదు. మనుషులను కూడా అంతే.

ఆట మొదలవగానే "తొమ్మిదీ, కుడివైపు పో!" అని ఆవిడ అరిచింది. ఇద్దరూ కుడివైపు పరుగెత్తి ఒకరినొకరు గుద్దుకున్నారు.

"ఆరూ, వెనక కాపు కాయి! ఆరేదీ? ఇందాక పదకొండూ లెక్కపెట్టి మరీ దింపానే!"

అత్తగారు చూస్తుండగా ఆరుకు పలకడం మేస్త్రి వల్ల కాలేదు. అతను ఖాళీ చేసిన చోటు నుంచే అవతలి జట్టు గోల్ కొట్టింది.

విరామంలో రిఫరీ వచ్చాడు. "ఇద్దరు తొమ్మిదులేంటయ్యా? మళ్ళీ మొదలయ్యేలోగా ఒకరు మార్చుకోండి. లేదంటే ఒకరు బయటికి!"

మారు ఆటగాళ్ళు లేరు. "ఈ అంకె నాది!" అన్నాడు డ్రైవరు. "దాన్ని అతికించింది నేను!" అన్నాడు మేస్త్రి. ఇద్దరూ చెరో దిక్కుకు పోయారు.

గోడ చాటున మేస్త్రికి కోపం దిగి సిగ్గు ఎక్కింది. తన గొప్ప కోసం పదిమందిని ముంచడమా? బట్టల మీద గుర్తులు వేసే సిరా కలం జేబులోనే ఉంది. తొమ్మిది కింద ఎడమవైపు ఒక వంపు గీశాడు. తొమ్మిది ఎనిమిదయింది. సరిగ్గా అదే సమయానికి వ్యాను వెనక డ్రైవరు, మేస్త్రి చచ్చినా దిగిరాడని నిశ్చయించుకుని, తన తొమ్మిదికీ అదే చోట నల్ల టేపు ముక్క అంటించాడు.

ఇద్దరూ తిరిగి వచ్చారు. మొదటి నుంచీ ఎనిమిదో నంబరు వేసుకుంటున్న దర్జీ వాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. రిఫరీ మూడు వీపులూ చూసి తడి గడ్డిలోనే కూలబడ్డాడు.

"నువ్వెందుకు మార్చావు మేస్త్రీ?"

"నువ్వెందుకు మార్చావు?"

"నువ్వు మార్చవనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా."

డ్రైవరు మొహం తిప్పుకుని నవ్వాడు. "సర్లే, నాది టేపు, పీకేస్తా. మరి నీది?"

"ఉతికినా పోని సిరా. మన లాండ్రీదే."

మేస్త్రి కలం అతని చేతికిచ్చి వెనక్కి తిరిగాడు. "ఎనిమిదికి ముందు ఒకటి గియ్యి. వంకర పోనియ్యకు." ఏడాదిలో అతను డ్రైవరుకు వీపు అప్పగించి కదలకుండా నిలబడడం అదే మొదలు. డ్రైవరు ఊపిరి బిగబట్టి, నిలువుగా, తిన్నగా గీశాడు.

పద్ధెనిమిదికి యజమానురాలి దగ్గర ఆజ్ఞలేవీ లేవు. అందువల్ల మేస్త్రి వినవలసిన గొంతు డ్రైవరుది ఒక్కటే మిగిలింది. "ఎడమకి రా మేస్త్రీ!" అంటే వచ్చాడు. "ఇటు!" అంటే బంతి ఇచ్చాడు. డ్రైవరు గోల్ కొట్టాడు. ఆఖరి నిమిషంలో బంతి మళ్ళీ డ్రైవరు కాలి దగ్గరే ఉంది.

"తొమ్మిదీ, నువ్వే కొట్టు!" అని యజమానురాలు గొంతు చించుకుంది.

ఇద్దరు అడ్డు నిలిచారు. డ్రైవరు తల తిప్పి చూడకుండానే బంతిని పక్కకు తోశాడు. మేస్త్రి అక్కడే ఉంటాడని అతనికి తెలుసు. ఉన్నాడు. కొట్టాడు.

ఆట అయ్యాక మేస్త్రి తల వంచుకుని అత్తగారి ముందు నిలబడ్డాడు. "అత్తయ్యా, తొమ్మిది నాది కాదు. నేను..."

"చూశానులే. పద్ధెనిమిది! రెట్టింపైతే సగమే చెప్పుకుంటావా?" అని ఆవిడ మురిసిపోయింది. "ఇంత అణకువ పనికిరాదయ్యా!"

పద్నాలుగేళ్ళ తర్వాత కూడా ఆ చొక్కా లాండ్రీలోనే వేలాడుతోంది. ఆ లాండ్రీ ఇంతవరకు వదిలించలేకపోయిన మరక అదొక్కటే.