డీకాన్ చిక్కగ ఉండాలె

పొద్దున ఎనిమిదింటికి సాంసన్ వేసుకున్న పథకం చిన్నదే: మీటింగ్ హాలు ఊడవాలి, కుర్చీలు వెయ్యాలి, పై అధికారి శ్రీలత మేడం కంట్లో మంచివాడుగా పడాలి. సూర్యాపేట విపత్తుల ఆఫీసులో అతని అటెండరు నౌకరీ ఈ నెలాఖరుతో సరి. పొడిగించే సంతకం మేడందే. ఆ సంతకం పడకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ రోజు పదకొండింటికి మేడం ముందు కొత్త మిషన్ ప్రదర్శన. ఎవడైనా విషమో రోగక్రిములో చల్లితే, దాని ట్యాంకును వీపుకు తగిలించుకుని మందు కొట్టి బల్లలూ గోడలూ శుద్ధి చెయ్యొచ్చు. ‘డీకంటామినేషన్’ మందు అన్న అసలు పేరు నోరు తిరగనంత పొడుగు కాబట్టి ఆఫీసరు రవీందర్ ఆ మందును ‘డీకాన్’ అని కత్తిరించాడు. ఆ సంగతి అటెండరుకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మిర్యాలగూడ నుంచి జీపులో వస్తూ పెన్‌పహాడ్ దగ్గర రవీందర్ ఫోన్ చేశాడు.

“సాంసన్! డీకాన్ కలిపి గా ట్యాంకు నిండ పొయ్యి. చిక్కగ ఉండాలె. పల్చగుంటే మేడం ముందు ఇజ్జత్ పోతది.”

“ట్యాంకు నిండనా సార్? పది లీటర్లు పడతది!”

“పదీ పొయ్యి. జల్ది!”

సిగ్నల్ పోయింది. వీపు డబ్బాలతో కాఫీ పోసేవాళ్లను సాంసన్ ఫంక్షన్ హాళ్లలో చూసే ఉన్నాడు. పెద్దోళ్లు డికాషన్‌ను డీకాన్ అంటారు కాబోలు అనుకుని, ఆఫీసు వెనక కాఫీ హోటలుకు పరుగెత్తాడు.

హోటలు నడిపే సాగర్‌ది కోదాడ. “పది లీటర్ల డికాషనా? పెళ్లెవరిదండీ బాబూ?” అని నోరు వెళ్లబెట్టాడు.

“మేడం వస్తున్నది. చిక్కగ దించు.”

పదకొండు కొట్టేసరికి రవీందర్ ఉరుకుల పరుగుల మీద వచ్చి, నిండుగా ఉన్న ట్యాంకును తగిలించుకున్నాడు. అందరూ ముక్కులు మూసే మాస్కులు పెట్టుకున్నారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఇంత మైదా చల్లి, “ఇదే విషం అనుకోండ్రి మేడం. ఈ మందు నీళ్ల తీరు రంగులేకుండ ఉంటది. నిజంగ విషం తగిలితేనే రంగు మారుతది” అంటూ మీట నొక్కాడు.

బల్ల నల్లబడింది. గోడ నల్లబడింది. రవీందర్ మొహం తెల్లబడింది.

“ఏం చల్లినవయ్యా?” మేడం రెండడుగులు వెనక్కి వేసింది.

“మైదానే మేడం! మిర్యాలగూడల హీరాలాల్ దుకాణంల కొన్న!”

మేడం ఫోన్ అందుకుంది. పది నిమిషాల్లో హీరాలాల్ దుకాణానికి తాళం పడింది. నిన్న అక్కడి మైదా కోదాడ బేకరీలకు పోయిందని తెలిసి ఆ బేకరీలూ మూయించారు. పొద్దున బన్ను తిన్నవాళ్లు దవాఖాన ముందు వరుస కట్టారు. స్పీకర్‌లో హీరాలాల్ ఏడుపు వినిపించింది: “నాకేం తెల్వదు మేడం! మా ఇంట్ల గూడ గా మైదానే తింటం!”

కప్పుల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చిన సాంసన్ ఆ ఏడుపు విని గోడను చూశాడు. చెబితే నౌకరీ పాయె. చెప్పకపోతే ఒక అమాయకుడు జైలుకు పాయె. ‘ప్రభువా!’ అనుకుని మాస్కు పీకి, రవీందర్ చేతిలోని గొట్టం లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు.

“విషం తాగుతున్నడు! పట్టుకోండ్రి!” హాలంతా గగ్గోలు.

సాంసన్ రెండు గుక్కలు మింగాడు. “డికాషన్ మేడం. సార్ చిక్కగ ఉండాలె అన్నడు. నేనే పోసిన. గా దుకాణమాయనను ఇడువుండ్రి.”

మేడం మాస్కు దించి గోడ దగ్గర వాసన చూసింది.

“రవీందర్, ట్యాంకు మూత తీసి సూసినవా?”

“లే... లేదు మేడం.”

నెలాఖరుకు రెండు ఆర్డర్లు వచ్చాయి. విషమనుకుని అంతా వెనక్కి జరిగితే ముందుకు నడిచినవాడు ఒక్కడే కాబట్టి సాంసన్ నౌకరీ ఏడాది పొడిగింపు, మిషన్ బాధ్యత కూడా అతనికే. మీటింగుల కాఫీ ఏర్పాట్లు రవీందర్‌కు.

అయోమయం లేకుండా ఇకమీదట ‘డీకాన్’ను తెలుగులోనే పిలవాలని కింద ఒక గమనిక కూడా ఉంది; ఆ తెలుగు మాట ఏమిటో తేల్చడానికి వేసిన కమిటీ ఇప్పటికి మూడుసార్లు కూర్చుని కాఫీ తాగింది.