పరుపు మీద పడ్డ సిపాయి

నా లెక్కలో బామ్మర్దులు రెండు రకాలు. దుకాణానికి పనికొచ్చేవాళ్లు, రానివాళ్లు. మా సాయిచంద్‌ను ఎప్పుడో రెండో రకంలో వేసేశాను.

వాడు ‘మంచుకొండ సిపాయిలు’ అనే టీవీ యుద్ధం సీరియల్‌లో నటించాడు. పదకొండు వారాలకే దాన్ని ఆపేశారు. అందులో వాడి పని హీరోకు నీళ్ల సీసా అందించడం. ఆరో వారంలో సీసా అందిస్తూ తూటా తగిలి చచ్చిపోయాడు. చావులో మాత్రం పొదుపు చేయలేదు. మధ్యలో రెండుసార్లు ప్రకటనలు వచ్చిపోయాయి, వాడింకా పోతూనే ఉన్నాడు. ఆ రోజు కరీంనగర్‌లో ఎన్ని పొయ్యిల మీద కూరలు మాడాయో.

ఆదిలాబాద్‌లో మాది దూది పరుపుల దుకాణం. మొన్న కరీంనగర్‌లో రెండోది తెరిచాం. రిబ్బన్ కత్తిరించడానికి ఆ సీరియల్ హీరోను మాట్లాడాను.

“మా తమ్మున్ని పిలువవా?” అంది నా భార్య ఉమారాణి.

“హీరోనే వస్తుండు. ఇగ సీసా ఎందుకు?”

“హీరో రాకుంటే?”

“ఎందుకు రాడు? ఫోన్ల మాటిచ్చిండు.”

“సరే” అంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఒక్క మాటతో సరే అన్న ప్రతిసారీ నష్టపోయింది నేనే. అయినా బుద్ధి రాలేదు.

ఆ రోజు జనం రోడ్డు దాకా నిలబడ్డారు. పదింటికి హీరో ఫోన్ చేశాడు, జ్వరమట. విన్న నిమిషానికి నాకూ వచ్చింది.

“హీరో రాకుంటే మేం పోతం సేఠ్” అన్నాడు పక్క గిన్నెల కొట్టు బుచ్చిరాములు. అతని వెనకే సగం జనం కదిలారు.

అప్పుడే ఆటో ఆగింది. సిపాయి బట్టల్లో సాయిచంద్ దిగాడు.

“నిన్ననే రమ్మన్న” అంటూ ఉమారాణి తమ్ముడి చేతికి కత్తెర ఇచ్చింది.

రిబ్బన్ తెగిందో లేదో, రామవ్వ అనే ముసలామె వాడి గడ్డం పట్టుకుంది. “నా కొడుకా, టీవీల ఎట్ల సచ్చినవో ఒక్కపారి సచ్చి సూపియ్యి.”

వాడు గుండె పట్టుకుని, దుకాణంలోకెల్లా పెద్ద పరుపు వైపు తూలాడు.

నా పై ప్రాణం పైనే పోయింది. మా వైపు మనిషి పోతే అతని పరుపును ఊరవతల పారేస్తాం. తెరిచిన రోజే, అందరి ముందు, సరుకు మీదే చావా?

“సాయీ, బండల మీద సావురా, నీకు పుణ్యముంటది” అని బతిమాలాను. వాడు తూలి తూలి పరుపు మీదే పడి కళ్లు మూశాడు. పక్క పరుపును ఒత్తి చూస్తున్న ఒకామె చెయ్యి వెనక్కి తీసుకుంది.

“లేవురా తమ్మీ” అంది ఉమారాణి.

వాడు ఒక కన్ను తెరిచాడు. “లేవబుద్ధి అయితలేదక్కా. కింద గింత మెత్తగుంటే పానం ఎట్ల పోతది?”

లేచి కూర్చున్నాడు. ఈలలతో దుకాణం అదిరింది.

రామవ్వ కళ్లు తుడుచుకుంది. “గా మంచుల గిసొంటి పరుపేసి ఉంటే పోరడు బతుకుతుండె. నాకొకటి కట్టుండ్రి.”

సాయంత్రానికి వాడు ఏడుసార్లు తూటా తిన్నాడు, ఏడుసార్లూ బతికాడు. గోదాములో దూది పింజ కూడా మిగల్లేదు.

“ముందే నేర్పినవా?” అని ఉమారాణిని చెవిలో అడిగాను.

“పడుడు వానిది. యాడ పడాల్నో నేను చెప్పిన.”

అంతలో పరుపు మీంచి కేక. “బావా, గొంతెండుతుంది. జర నీళ్లు.”

పరుగెత్తి, వంగి, సీసా అందించాను.

వెనకాల ఉమారాణి రామవ్వతో అంటోంది. “గాయన మా ఆయన. చిన్న ఏషమే గని, మంచిగనే చేస్తడు.”